పదికి ఆరు వేయడానికి నేనెవరిని?

ప్రశ్న: నాది మిర్యాలగూడ. రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. యాసంగి వడ్ల రద్దీ తగ్గాక చేతికి కొంత తీరిక దొరుకుతుంది. ఈసారి ఆ తీరికలో రకరకాల పుస్తకాలు చదివాను. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’, వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’, యండమూరి ‘తులసిదళం’, హరారీ ‘సేపియన్స్’ తెలుగు అనువాదం, గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’, ఇవి కాక ఒక వ్యక్తిత్వ వికాస పుస్తకం. ఒక్కోదాని గురించి నోటుబుక్కులో నా అభిప్రాయం రాసి, పక్కన పదికి ఇన్ని అని మార్కులు వేసుకున్నాను. ఆ పేజీలు కూడా పంపుతున్నాను.

మా ఊళ్లో కొందరం ఆదివారాలు కలిసి పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. మొన్న అక్కడ నా నోటుబుక్కు చదివాను. సాంఘిక చరిత్రకు ఆరు, ‘ప్రజల మనిషి’కి ఆరున్నర, ‘తులసిదళం’కు ఎనిమిది అనగానే పదవీ విరమణ చేసిన ఒక లెక్చరర్ సారుకు కోపం వచ్చింది. ‘ప్రతాపరెడ్డి గారికి మార్కులు వేయడానికి నువ్వెవరు? ఆళ్వారుస్వామి మన జిల్లా మనిషి. ఆయన పుస్తకం కంటే చేతబడి నవల గొప్పదా?’ అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత నేను వెళ్లడం మానేశాను. ఇంటర్‌తో చదువు ఆగిన నాకు ఇలాంటి పుస్తకాల మీద అభిప్రాయం చెప్పే అర్హత ఉందా? ఇన్ని రకాల పుస్తకాల మంచిచెడ్డలు ఎలా తేల్చుకోవాలి? ఇంకో సంగతి, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆ నోటుబుక్కు తీసి చదువుతోంది. దాచిపెట్టాలా?

సమాధానం: మీరు పంపిన పేజీలన్నీ చదివాను. మీ అభిప్రాయాలు బాగున్నాయి. మార్కులే బాగాలేవు. సారుకు కోపం తెప్పించినవి కూడా ఆ అంకెలే అయి ఉంటాయి. వాటిని కొట్టేసి అదే నోటుబుక్కు చదివి ఉంటే ఆ ఆదివారం వాదన జరిగేదేమో గానీ గొడవ జరిగేది కాదు.

మిల్లులో తేమ కొలిచే యంత్రం పెట్టి 17 శాతం దాటిందా లేదా చూస్తారు కదా. అన్నం ఎంత రుచిగా ఉంటుందో ఆ యంత్రాన్ని ఎవరూ అడగరు. మీ పది మార్కుల పద్ధతి ఆ యంత్రం లాంటిది. వారపత్రిక పాఠకుణ్ని వచ్చే వారం దాకా పట్టి ఉంచడానికి రాసిన సీరియల్ ఒకటి. ఎనిమిది వందల ఏళ్లకు పైగా తెలుగు జనం ఎలా బతికారో వెతికి కూర్చిన చరిత్ర ఇంకొకటి. వాటి మధ్య రెండు మార్కుల తేడా దేని తేడా? ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

అంకెను పక్కన పెట్టి మీరు రాసినది చూద్దాం. సాంఘిక చరిత్ర గురించి ఇలా రాశారు: ‘పద్యాలు వచ్చిన ప్రతిచోటా ఆగిపోయాను. కానీ జనం ఏమి తిన్నారో, ఏ ఆటలు ఆడారో చెప్పిన పేజీలు రెండుసార్లు చదివాను. మా నాయనమ్మ చెప్పిన ఆటలు అందులో కనిపించాయి.’ ఆ పుస్తకం గురించి డిగ్రీలున్నవారు రాసిన పొగడ్తలు చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం దాన్ని తెరవకుండా కూడా రాయవచ్చు. మీ మూడు వాక్యాలు తెరవకుండా రాయలేరు.

అయితే ఆ పద్యాలు ఎందుకున్నాయో మీరు అడగలేదు, అది అడగవలసింది. రాజుల శాసనాలు దానాలు, విజయాలు చెబుతాయి. పూటకూళ్ల ఇంట్లో ఏమి వడ్డించారో, పిల్లలు వీధిలో ఏమి ఆడారో చెప్పవు. అందుకే ప్రతాపరెడ్డి గారు కావ్యాల్లోకి వెళ్లారు. ఓరుగల్లు వీధుల కోసం ‘క్రీడాభిరామం’, జనం ఆచారాల కోసం పాల్కురికి సోమనాథుడు, ఆ తర్వాతి కాలాలకు శ్రీనాథుడు, ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’. ఒక్కో పద్యం ఆయనకు సాక్ష్యం కాగితం. లెక్కలు రాసే మీకు ఇది నాకంటే బాగా తెలియాలి, రసీదు లేని పద్దును మీరు నమ్మరు కదా. 1949లో అచ్చయిన ఆ పుస్తకం తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న మొదటి పుస్తకం. అవార్డు 1955లో వచ్చింది, ఆయన 1953లోనే పోయారు. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్క ఊపున చదవాలన్న నియమం పెట్టుకోకండి. కాకతీయుల కాలం ఒక వారం, విజయనగర కాలం ఇంకెప్పుడో. పద్యం అర్థం కాకపోతే దాని కింద ఆయన చెప్పింది చదివి వెనక్కి రండి. ఆరు మార్కులు కొట్టేసి, ‘పద్యాల దగ్గర నాకు కష్టమైంది, అవి తీసేస్తే పుస్తకం నిలబడదని తర్వాత తెలిసింది’ అని రాసుకోవచ్చు, అది మీకు నిజంగా అనిపిస్తేనే.

‘నువ్వెవరు’ అన్న మాటకు కూడా ఆయన జీవితంలోనే జవాబు ఉంది. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఎవరో రాస్తే ప్రతాపరెడ్డి గారు ఊరూరి కవుల దగ్గర పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. పేరున్నవారూ ఉన్నారు, ఊరి పొలిమేర దాటి ఎవరికీ తెలియనివారూ ఉన్నారు. అలాంటి మనిషి పేరు చెప్పి మిల్లు గుమాస్తా నోరు మూయించడం ఆయనకు నచ్చేది కాదని నా నమ్మకం.

ఇక ‘ప్రజల మనిషి’. ఇది చిక్కు సంగతి, అందుకే కాస్త ఎక్కువ మాట్లాడాలి. ‘కంఠీరవం మరీ మంచివాడు. అతనిలో ఒక్క లోపమూ కనిపించలేదు. వెట్టి చాకిరీ పేజీలు చదువుతుంటే మాత్రం ఒళ్లు మండింది’ అని రాశారు. రెండు మాటలూ న్యాయమైనవే. నాకూ ఆ నవలలో కథానాయకుడి కంటే అతని చుట్టూ ఉన్న జనమే గుర్తుంటారు. సారు అడిగిన దాంట్లో మాత్రం రెండు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఆళ్వారుస్వామి గొప్ప మనిషా అనేది ఒకటి, ఆయన రాసిన నవలలో ఫలానా పాత్ర పండిందా అనేది ఇంకొకటి. మొదటిదానికి నా జవాబు కూడా సారు జవాబే. 1915లో నకిరేకల్ దగ్గరి పల్లెలో పుట్టి, చిన్నప్పుడు ఇతరుల ఇళ్లలో వంట చేసి బతికి, సొంతంగా చదువుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చు వేసిన పుస్తకాలు తానే మోసుకెళ్లి అమ్మిన మనిషి. నిజామాబాదు జైల్లో దాశరథి గారితో కలిసి ఉన్నారు. 1961లో, ‘గంగు’ నవల పూర్తి కాకుండానే పోయారు. ఇంత తెలిసిన తర్వాత కూడా కంఠీరవం మరీ మంచివాడని మీకు అనిపిస్తే అలా అనవచ్చు. ఇంటింటికీ పుస్తకాలు మోసిన మనిషి ఆ పుస్తకాలు జనం చదవాలనే మోశాడు, చదివి ఏమనుకున్నారో వినడానికి భయపడి ఉండడు.

నల్లగొండలో ఇది కేవలం సాహిత్యం సంగతి కాదని నాకు తెలుసు. తెలంగాణ సాయుధ పోరాటం, దానికి ముందటి రోజుల మీద పుస్తకం అంటే చాలా ఇళ్లలో అది తాతది, మేనత్తది. దాని మీద ఒక చిన్న మాట అన్నా ఇంటి పెద్దను అన్నట్టు ఉంటుంది. సారు గొంతులో వినిపించింది కూడా అదే అయి ఉండవచ్చు. కానీ ఆ పోరాటంలో ఉన్నవాళ్లే ఒక్క మాట మీద లేరు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చిన తర్వాత కూడా పోరాటం కొనసాగించడాన్ని బొల్లేపల్లి బిడ్డ రావి నారాయణరెడ్డి గారు తప్పుబట్టారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన నాయకుడాయన. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1951 అక్టోబరులో విరమించేదాకా సాగిన ఆ పోరాటాన్ని సమర్థిస్తూ గుణపాఠాలు రాశారు. ఆ తర్వాత 1986లో స్త్రీశక్తి సంఘటన వారు ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. దళాల్లో పనిచేసిన స్త్రీలు తమ నోటితో చెప్పిన అనుభవాలు అందులో ఉన్నాయి. తుపాకీ పట్టినప్పటి గర్వమూ ఉంది, పోరాటం ముగిశాక మళ్లీ వంటింటికి పంపితే కలిగిన బాధా ఉంది. ప్రాణాలకు తెగించినవాళ్లే ఇంత తేడాగా మాట్లాడగలిగినప్పుడు, డెబ్బై ఏళ్ల తర్వాత చదివిన మీరు ఒక పాత్ర నచ్చలేదనడం పెద్ద అపచారమేమీ కాదు. ‘ప్రజల మనిషి’ పక్కన ఈ చివరి పుస్తకం పెట్టుకొని చదవండి. నవలలో మీకు వెలితిగా తోచిన మనుషుల లోపాలు, సందిగ్ధాలు ఇందులో కావలసినన్ని ఉన్నాయి.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో నలుగురు కూడి మాట్లాడుకోవాలంటే నిజాం సర్కారు అనుమతి కావాలి, గస్తీ నిషాన్ 53 లాంటి ఉత్తర్వులు ఉండేవి. వాటికి భయపడకుండా గ్రంథాలయాలు పెట్టి, పత్రికలు నడిపారు. నల్లగొండ నుంచే 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ‘నీలగిరి పత్రిక’ తెచ్చారు. మీరు ఒక్క లెక్చరర్ సారు గద్దించారని ఆదివారాలు మానేశారు!

‘తులసిదళం’ దగ్గర మీరు సిగ్గుపడుతున్నారు. సిగ్గు అక్కరలేదు. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు దానికోసం ఎదురుచూసిన ఇళ్లు లెక్కలేనన్ని. ‘కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటుతో చదివాను’ అన్న మీ వాక్యం రచయిత పని ఎంత బాగా జరిగిందో చెబుతోంది. ఒక పాఠకుణ్ని అలా కూర్చోబెట్టడం తేలిక విద్య కాదు, దాన్ని తక్కువ చేసేవాళ్లు ఒకసారి రాసి చూడాలి. కానీ మీ పేజీలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని మీరే కొట్టేశారు. గీత కింద నుంచి చదవగలిగాను: ‘మా అమ్మమ్మ ఊళ్లో ఒక ముసలామెను బాణామతి చేస్తుందని కొట్టారు.’ ఎందుకు కొట్టేశారు? ఈ నవల గురించి మీరు రాసినవాటిలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. చేతబడిని నిజమనిపించేలా రాస్తే ఏమవుతుందన్న ప్రశ్న ఆ రోజుల్లోనే లేచింది. రంగనాయకమ్మ గారు దీన్ని గంజాయి దమ్ముతో పోల్చి విమర్శించారు, అది కోర్టు దాకా వెళ్లింది. కొట్టేసిన వాక్యాన్ని మళ్లీ రాయండి. ఊపిరి బిగపట్టి చదివానన్నదీ మీ అభిప్రాయమే, ఆ ముసలామె గుర్తొచ్చి మనసు చెడిందన్నదీ మీ అభిప్రాయమే. రెంటినీ కలిపి ఎనిమిదో, నాలుగో చేయలేరు. సారు ముందు ఈ రెండూ చెప్పి ఉంటే, చేతబడి నవల గొప్పదా అని అడిగే అవకాశం ఆయనకు ఉండేది కాదు.

నేను నిజంగా తగాదా పడేది మీ ‘సేపియన్స్’ పేజీతో. తొమ్మిదిన్నర వేసి, ‘ప్రతి మాటా నిజం, కళ్లు తెరుచుకున్నాయి’ అని వదిలేశారు. ప్రతాపరెడ్డి గారి పద్యాలను నిలదీసినవారు ఈయన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వేటాడి, ఏరుకొని తినే మనిషి హాయిగా ఉండేవాడని, వ్యవసాయం చరిత్రలో అతి పెద్ద మోసమని, గోధుమను మనిషి లొంగదీసుకోలేదు, గోధుమే మనిషిని లొంగదీసుకుందని ఆయన వాదిస్తారు. వినడానికి గమ్మత్తుగా ఉంటుంది. కానీ మీరు మిర్యాలగూడ మిల్లులో కూర్చొని చదివారు! 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు, 1967లో నీళ్లు వదిలారు, ఎడమ కాలువ మీ వైపు వచ్చింది, మెట్ట చేలు వరి మళ్లయ్యాయి, మిల్లులు లేచాయి. అంతకు ముందు ఆ ఊళ్లలో ఏమి తిన్నారో, ఎన్ని పూటలు తిన్నారో చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను అడగండి. ఇంకోవైపు, సాగర్‌తో సహా దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసిన పాలమూరు కూలీల సొంత చేలు ఎండిపోయి ఉండేవి. వరి వాళ్లకు ఏమి ఇచ్చింది, మీ మిల్లులో బస్తాలు మోసే హమాలీకి ఏమి ఇచ్చింది? క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం లెక్క రాసే మనిషి ఈ వాదన మీద రెండు పేజీలు రాయగలడు. హరారీకి తలూపినా సరే, అడ్డంగా ఊపినా సరే, మీ ఊరి వరిని ముందు పెట్టుకొని ఊపండి. పెద్ద పుస్తకం, పెద్ద పేరు, ప్రపంచమంతా చదువుతోంది అన్నవి చూసి ఒప్పుకున్నారని నా అనుమానం. సారు మిమ్మల్ని చేయమన్నదీ అదే కదా, పేరు చూసి ఒప్పుకోమనే కదా.

‘అతడు అడవిని జయించాడు’ గురించి ‘ఒక్క రాత్రిలో చదివాను, ఎందుకు నచ్చిందో చెప్పలేకపోతున్నాను’ అన్నారు. పందుల మంద కాసే ముసలివాడు, తప్పిపోయిన సూడి పంది, అడవి, రాత్రి. కేశవరెడ్డి గారికి కావలసింది అంతే. ఎందుకు నచ్చిందో తెలియనప్పుడు కారణాలు కల్పించకండి. ఎక్కడ ఆగారో, ఏ పేజీ దగ్గర పుస్తకం మూసి ఒక నిమిషం ఊరకే కూర్చున్నారో ఆ పేజీ నంబరు రాయండి చాలు. కొన్ని నెలల తర్వాత ఆ పేజీ మళ్లీ తెరిస్తే కారణం దానంతట అదే దొరకవచ్చు. ముగింపు గురించి మీరు అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పను, చదవనివాళ్లు ఉంటారు.

వెంకన్న గారి పుస్తకం మీద మీది ఒకే వాక్యం: ‘పాటగా విన్నప్పుడు ఉన్నంత బలం అచ్చులో కనిపించలేదు.’ 2021 సాహిత్య అకాడమీ అవార్డు పొందిన పుస్తకం గురించి ఇలా అనవచ్చా అని పక్కనే ప్రశ్న గుర్తు పెట్టారు. అనవచ్చు. నాగర్‌కర్నూలు వైపు గౌరారంలో పుట్టి, గొంతుతో, అడుగుతో, చేతి ఊపుతో పాడే కవి ఆయన. కాగితం మీద గొంతు పోతుంది, దానికి పాట తప్పేమీ లేదు. పైకి చదివి చూడండి, తలుపు వేసుకొని అయినా సరే.

వ్యక్తిత్వ వికాస పుస్తకం గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. అందులో చెప్పిన పనుల్లో ఏదైనా చేశారా? చేస్తే ఫలితం రాయండి, చేయకపోతే ఆ పేజీ ఖాళీగా ఉంచండి.

ఇక మీదట నోటుబుక్కు ఎలా రాయాలని అడిగారు. పుస్తకం ముగించిన రాత్రే తీర్పు రాయకండి. రెండు మూడు రోజులు పోనిచ్చి, అప్పటికి ఏమి గుర్తుందో అది రాయండి. ఆ పుస్తకం ఏమి చేయాలని బయలుదేరిందో ఒక వాక్యం, మీకు ఏమి చేసిందో ఇంకో వాక్యం. భయపెట్టాలని బయలుదేరిన పుస్తకాన్ని భయపెట్టిందా అని అడగాలి. సాక్ష్యాలతో నమ్మించాలని బయలుదేరినదాన్ని సాక్ష్యాలు చాలా అని అడగాలి. మీకు సొంతంగా తెలిసిన సంగతి, అంటే వడ్లు, అప్పు, బస్టాండు, ముసలామె, ఏదైనా పుస్తకంలోకి వస్తే అక్కడ మీరే పెద్దమనిషి, జంకకుండా రాయండి. తెలియని చోట తెలియదని రాయండి. తర్వాత అభిప్రాయం మారితే పాతది కొట్టేయకుండా కిందే తేదీ వేసి కొత్తది రాయండి. కొట్టేసే అలవాటు మీకు కొంచెం ఎక్కువగానే ఉన్నట్టుంది.

సారు సంగతి. వచ్చే ఆదివారం వెళ్లండి. క్షమాపణ చెప్పవద్దు, వాదన మొదలుపెట్టవద్దు. ‘సారూ, మార్కులు తీసేశాను. సాంఘిక చరిత్రలో మీకు బాగా నచ్చిన అధ్యాయం ఏది? ఈసారి అది చదువుతాను’ అని అడగండి. ఆయనకు ఆ పుస్తకం మీద నిజమైన ప్రేమ ఉంటే గంటసేపు చెబుతారు, పద్యాలు కూడా విడమరచి చెబుతారు. మీకు కావలసింది అదే. చెప్పలేక మాట దాటవేస్తే, ఆ సంగతి మీకు ఒక్కరికే తెలిసి ఉండనివ్వండి.

అమ్మాయి దగ్గర నోటుబుక్కు దాచకండి. నాన్న ఒక పెద్ద పుస్తకం దగ్గర ఆగిపోయాడని, అయినా మళ్లీ తెరిచాడని ఆమె చదవడంలో నష్టం లేదు. ఒక్కటే షరతు పెట్టండి. పుస్తకం తాను చదివాకే దాని గురించి మీరు రాసింది చదవాలి, చదివి కింద తన మాట కూడా రాయాలి. ‘అతడు అడవిని జయించాడు’తో మొదలుపెట్టవచ్చు, చిన్న నవల. ‘తులసిదళం’ మాత్రం ఇంకో రెండేళ్లు ఆగనివ్వండి. రాత్రిళ్లు భయపడి లేస్తే పక్కన కూర్చోవలసింది మీరే, యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో మీకు ఆ నిద్ర కావాలి.